ఆనకట్ట రూపకం: జూన్ స్వర పరీక్ష నుంచి జనవరి తెర దాకా

జనవరి మొదటి శనివారం సాయంత్రం విజయవాడలో మా ఆనకట్ట రూపకం ఆడింది. గంటా పది నిమిషాల ప్రదర్శన. 38 మంది కోరస్, ఆరుగురు నటులు, ఐదుగురు వాద్యకారులు. పని మొదలుపెట్టింది జూన్‌లో. గుంటూరులో చర్చి కాయిర్లు నడపడం, పరిషత్తు నాటకాలకు కోరస్ కట్టడం నాకు కుర్రతనం నుంచీ ఉన్న పనే. కానీ ఆ రెండు వైపుల వాళ్లనీ ఒకే వేదిక ఎక్కించి ఇంత పొడుగు పని లాగడం వేరే లెక్క. ఇలాంటిది తలపెట్టే వాళ్లకు ఏ నెలలో ఏం ఎదురవుతుందో, డబ్బు ఎక్కడ పోతుందో తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

కథ మన నేల మీదదే. 1833 నాటి గుంటూరు కరువు, అదే డొక్కల కరువు, అక్కడ మొదలవుతుంది. 1852లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని ఎత్తుకోవడం, 1855లో అది పూర్తయి కాలవలకు నీళ్లు వదలడంతో ముగుస్తుంది. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు రావడం మధ్యలో ఒక చిన్న రంగం. కోరస్ మొదట కరువు జనం, తర్వాత రాళ్లు మోసే కూలీలు, చివరికి పడవవాళ్లు. మాటలు, బాణీలు అన్నీ కొత్తగా రాయించినవే, ఒక్క పాత క్రైస్తవ కీర్తన తప్ప. రాసినవారు పోయి 60 ఏళ్లు దాటితే హక్కుల గొడవ ఉండదు కాబట్టి 19వ శతాబ్దపు కీర్తన తీసుకున్నాం. చివర్లో ఒక సినిమా పాట కలుపుదామని చాలామంది అడిగారు. దానికి లైసెన్సు సొమ్ము కట్టాలి, పైగా వీడియో పెట్టగానే కాపీరైటు క్లెయిమ్ పడుతుంది. వద్దన్నాం.

తేదీ కుదరడానికే పదిహేను రోజులు పట్టింది. పంచాంగం, చర్చి క్యాలెండరు, కాలేజీ పరీక్షల పట్టిక పక్కపక్కన పరుచుకుని చూడాలి. పెళ్లి ముహూర్తం ఉన్న రోజున కీబోర్డు, తబలా, సౌండు వాళ్లకు మనం కనపడం. శ్రావణం, కార్తీకం, మాఘం అయితే అడగడం కూడా దండగ. దొరికినా రేటు పెరుగుతుంది. ధనుర్మాసంలో ముహూర్తాలుండవు కాబట్టి డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా వాళ్లంతా ఖాళీ. సరిగ్గా అప్పుడే చర్చి వాళ్లకు ఊపిరాడదు. క్రిస్మస్ అయ్యాక కొత్త సంవత్సరపు ఆరాధన, మొదటి ఆదివారం ప్రభు భోజనం, ఆ వెంటనే పిల్లలు పండక్కి ఊళ్లకు బయలుదేరతారు. కుదరనివన్నీ కొట్టేస్తూ పోతే మిగిలింది ఆ ఒక్క శనివారమే. హాలుకు జూలై మొదట్లో దరఖాస్తు పెడితే సెప్టెంబరు చివరికి ఖాయమైంది. అప్పటిదాకా కరపత్రం అచ్చు వేయించడానికి లేదు, చందాకు వెళ్లడానికీ లేదు. చేతిలో కాగితం లేకపోతే దుకాణాల వాళ్లు కూర్చోమని కూడా అనరు.

స్వర పరీక్ష జూన్ చివరి ఆదివారాల్లో పెట్టాం. ప్రకటనకు పైసా ఖర్చు లేదు, వాట్సాప్ గ్రూపులే. 70 మంది దాకా వచ్చారు. మనిషికి ఏడెనిమిది నిమిషాలు. పాట పాడమని అడగలేదు. వచ్చిన పాట అందరూ బాగానే పాడతారు, దానితో మనకు తెలిసేది ఏమీ ఉండదు. ఆకారంతో స రి గ మ ప మ గ రి స పాడిస్తూ అర స్వరం చొప్పున పైకి, మళ్లీ కిందికి తీసుకెళ్లి, గొంతు ఎక్కడ నిండుగా ఉంది, ఎక్కడ పలచబడుతోంది రాసుకున్నాం. అసలు పరీక్ష ఆ తర్వాతది. అభ్యర్థి పంచమం పట్టుకుని నిలబడాలి. పక్కన ఇంకొకరు ముందు గాంధారం, తర్వాత మధ్యమం పాడతారు. మధ్యమం చెవిన పడగానే పంచమం వదిలేసి అటు జారిపోయినవాళ్లు సగానికి సగం. వీళ్లలో వర్ణాలు, కృతులు నిక్కచ్చిగా పాడేవాళ్లూ ఉన్నారు. వాళ్ల తప్పేం లేదు. నేర్చుకున్నన్నాళ్లూ పక్కవాళ్లతో కలిసి ఒకే వరుస పాడడమే మంచి పాటకు గుర్తు. పక్కవాడు వేరే స్వరం పాడుతుంటే చెవి దాన్ని సరిదిద్దమంటుంది. ఈ అలవాటు తప్పించడానికి మూడు నెలలు పడుతుంది, తక్కువలో కాదు.

ఆడవాళ్లలో నూటికి తొంభై మంది తమది సొప్రానో, అంటే పై వరుస గొంతు, అనే అంటారు. ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది వరుస, రెండో రకం అన్న భావం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ బలంగా ఉంది. కింది స్వరాల దగ్గర గొంతు నిండుగా ఉన్నవాళ్లను పిలిచి, వాళ్ల వరుస లేకుండా ఒకసారి, ఉండి ఒకసారి పాట వినిపిస్తే గానీ ఒప్పుకోలేదు. టెనర్లు, అంటే మగవాళ్లలో పై వరుస పాడేవాళ్లు, ఎక్కడైనా కరువే. మాకు దొరికిన ఆరుగురిలో నలుగురు పద్యనాటకం వాళ్లు. పద్యం పై శ్రుతిలో అందుకోవడం అలవాటు కాబట్టి టెనర్ వరుస వాళ్లకు నల్లేరు మీద నడక. చిక్కు ఎక్కడంటే, వాళ్ల గొంతు చివరి వరుస కుర్చీకి మైకు లేకుండా చేరడానికి తయారైన గొంతు. పక్కవాళ్లతో కలవదు. వాళ్లను వరుస మధ్యలో కాకుండా చివరన, బేస్ (మగవాళ్ల కింది వరుస) వాళ్లను ఆనుకుని నిలబెట్టి, నెల రోజులు ప్రతి పాటా మాట లేకుండా ‘ఊ’ మీద పాడించాం. ‘ఊ’ మీద అరవడం ఎవరి వల్లా కాదు. చివరికి లెక్క తేలింది: 13 సొప్రానో, 9 ఆల్టో, 6 టెనర్, 10 బేస్.

జూలై నుంచి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఒక స్కూలు హాల్లో సాధన, గురువారం సాయంత్రాలు ఒక్కో వరుసకు విడిగా. హాలు ఊరికే ఇచ్చారు. ఫ్యాన్లు మాత్రం పాతవి. ఆ రొదలో శ్రుతి పెట్టె వినపడక పాట పావు స్వరం కిందికి దిగేది. గుంటూరు ఉక్కలో ఫ్యాన్లు ఆపమంటే జనం ఆగరు. శ్రుతి పెట్టెను చిన్న స్పీకరుకు తగిలించి బేస్ వాళ్ల వెనక పెట్టాక కుదిరింది. ముందు పెడితే నాకు వినపడుతుంది గానీ వాళ్లకు కాదు. మాకు పాట కిందికి దిగడం బేస్ దగ్గరే మొదలయ్యేది.

మొదటి పెద్ద తలనొప్పి కాగితం దగ్గర వచ్చింది. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పడమటి పద్ధతి) చదివేవాళ్లు ఐదుగురు. చర్చి కాయిర్‌లో టానిక్ సోల్ఫా (డో, రే, మీ అని రాసే పద్ధతి) మీద పెరిగినవాళ్లు పదిహేను మంది. సంగీత కళాశాల పిల్లలకు సరిగమలు. మిగతావాళ్లు చెవితోనే. సోల్ఫా డో, మన స ఒకటే కదా, ఒకే కాగితం సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. పడమటి మేజర్ స్కేలుకు సాటి అయిన శంకరాభరణంలో నిజంగానే సరిపోయింది. మైనర్ స్కేలుకు సాటి అయిన నఠభైరవి పాట రాగానే చెడింది. సోల్ఫా పద్ధతిలో మైనర్ స్కేలు ఆధార స్వరాన్ని ‘లా’ అంటారు. సరిగమల్లో ఆధారం ఎప్పుడూ షడ్జమమే. ‘మూడో పాదం స నుంచి ఎత్తుకోండి’ అంటే సగం మంది అసలు షడ్జమం మీద, సగం మంది ‘డో’ మీద, అంటే మనకు గాంధారం అయ్యే చోట, ఎత్తుకున్నారు. ఇద్దరిదీ వాళ్ల లెక్కలో సరైనదే. అప్పటి నుంచి అన్ని కాగితాల్లోనూ తెలుగు సాహిత్యం, దాని మీద సరిగమలు, పైన ఎడమ మూల ‘స = ఫలానా కట్ట’ (కట్ట అంటే హార్మోనియం మెట్టు) అని రాశాం. సోల్ఫా వాళ్లు మైనర్ పాటల్లో లా బదులు స అనడానికి మూడు వారాలు సణిగారు, తర్వాత అలవాటైంది. జిరాక్సు, ఫైళ్లు కలిపి ఆరు వేలు.

శ్రుతి బేరం ఇంకో నెల సాగింది. కర్ణాటక సంగీతం నేర్చిన ఆడపిల్లలు ఐదు, ఐదున్నర కట్టల శ్రుతిలో పాడతారు, మగవాళ్లు ఒకటి, ఒకటిన్నరలో. ఐదులో కట్టిన పాటకు మగవాళ్లు కింది స్థాయి ఎత్తుకుంటే మంద్రం గొణుగుడైపోతుంది, పై స్థాయి ఎత్తుకుంటే తార పంచమం అందదు. ఒకటిలో కడితే ఆల్టోలకు పైన అందదు, కింద పలకదు. రెండు, మూడు కట్టల మధ్య పెట్టుకుని, బాణీని ఒకే గొంతుకు అప్పజెప్పకుండా పూర్వాంగం (కింది స రి గ మ) ఎక్కువ ఉన్న చరణం ఆల్టో, టెనర్‌లకు, పైకి వెళ్లే చరణం సొప్రానోకు పంచాం. పాట కట్టించుకునేటప్పుడే సంగీత దర్శకుడికి చెప్పాల్సిన మాట ఇది: మధ్య షడ్జమం నుంచి తార షడ్జమం దాటకుండా కట్టండి, మిగతాది మేం చూసుకుంటాం.

ఇక రాగాలు. నాలుగు వరుసలు అన్ని రాగాలకూ పెట్టకూడదు. చర్చి కాయిర్ నుంచి వచ్చినవాళ్లకు ఈ మాట నచ్చదు, నాలుగు వరుసలు లేనిది వాళ్లకు కాయిరే కాదు. కానీ పాత క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన మీదా రాగం, తాళం రాసి ఉండేది ఊరికే కాదు గదా. మేం తీసుకున్న కీర్తన శంకరాభరణం. నాలుగు వరుసలూ అరగంటలో పట్టేశారు. పడవ పాట మోహన. అందులో మధ్యమం లేదు, నిషాదం లేదు. అలవాటు ప్రకారం వాడే కార్డుల్లో (ఒకేసారి పలికే స్వరాల గుంపుల్లో) ఒకదానికి మ కావాలి, ఇంకోదానికి ని కావాలి. వాటిని బేస్‌లో దొంగతనంగా పెట్టిన మరుక్షణం మోహన పోయి ఏదో స్కూలు ప్రార్థన గీతంలా వినపడింది. తీసేశాం. దాని బదులు ఆడవాళ్లు ఎత్తుకున్న రెండు ఆవర్తాలకు మగవాళ్లు అదే పల్లవి మొదటి నుంచి ఎత్తుకుంటారు. మోహనలో అర స్వరపు దూరం ఎక్కడా లేదు కాబట్టి ఏ స్వరం మీద ఏది పడినా పెద్దగా గీసుకోదు. ఒక పడవ వెనక ఇంకో పడవ వస్తున్నట్టు కూడా ఉంది. మద్రాసు యూత్ కాయిర్‌లో సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ గారు చేసిన పని విన్నవాళ్లకు ఈ దారి కొత్తది కాదు.

ఆనకట్ట పూర్తయ్యే పాట హంసధ్వని. మధ్యమం, ధైవతం లేకపోయినా స గ ప, ప ని రి రెండూ నిండుగా దొరుకుతాయి. నాలుగు వరుసలకు ఆ రెండు చాలు. కరువు పాట శుభపంతువరాళి. దాని జోలికి పోలేదు. బేస్ నోరు మూసి షడ్జమం, టెనర్ పంచమం నిలుపుతారు, పైన ఆడవాళ్లది ఒక్కటే వరుస. ఆ ఒక్క వరుస కుదరడానికి పట్టిన కాలం నాలుగు వరుసల పాటకు పట్టలేదు.

గమకం, అంటే స్వరాన్ని ఊపడం, ఇంకో రకం బాధ. కూలీల పాట ఆనందభైరవి. దాని గాంధారం ఊగకపోతే ఆనందభైరవే కాదు. 38 మంది 38 రకాలుగా ఊగిస్తే అది గాంధారమే కాదు. కోరస్‌కు గాంధారాన్ని గ-మ-గ అని మూడు స్వరాలుగా, ఏ అక్షరం మీద ఎంతసేపో లెక్క కట్టి రాసిచ్చాం. విళంబంగా సాగే చోటు, అసలైన ఊపు కావాల్సిన చోటు ఒక్క గొంతుకు ఇచ్చేశాం. సంగీత కళాశాల పిల్ల ఒకామె ‘మాస్టారూ, ఇది ఆనందభైరవి బొమ్మ’ అంది. నిజమే. అయినా పాటలో రాగం నిలబడింది, ఎందుకంటే కోరస్ గీసిన గీత మీద ఒంటరి గొంతు రంగు వేస్తుంది.

తాళం విషయంలో సులువైన చిట్కా ఒకటే ఉంది, అమలు చేయడమే కష్టం: చేతులు కట్టేయడం. మన పాటగాళ్లు తొడ మీద తాళం వేస్తూ పాడతారు. వేస్తున్నంతసేపూ కళ్లు నా చేతి మీద ఉండవు, ఎవరి తాళం వాళ్లదే. ఫైలు రెండు చేతులతో పట్టుకోవాలని నియమం పెట్టాం. ఫైలు లేకుండా పాడే రోజు వచ్చేసరికి చూడడం అలవాటైపోయింది. మిశ్రచాపును తకిట తకదిమి అని చిన్న దెబ్బ, పెద్ద దెబ్బగా రెండే కొట్టాను. ఏడు కొడితే చెయ్యి అలిసిపోవడం తప్ప ఎవరికీ ఉపయోగం లేదు. సమం (తాళం మొదటి దెబ్బ) తప్పించి అర అక్షరం తర్వాత ఎత్తుకునే పాటలకు సమం దగ్గర నా చెయ్యి గట్టిగా పడాలి, గాలి అప్పుడు పీల్చాలి. ఎత్తుగడ దగ్గర చెయ్యి చూపిస్తే ఖాయంగా ఆలస్యమే.

ఉచ్చారణకు పడమటి కాయిర్ పుస్తకాలు మనకు సాయపడవు. వాటి శ్రద్ధంతా పదం చివరి హల్లు మీద. మన పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ఇబ్బంది మొదట్లోనూ మధ్యలోనూ. స, శ, ష లు ఒక్కసారి పడకపోతే హాలంతా బుస. అందుకని దెబ్బ మీద అచ్చు పడాలి, హల్లు దానికి కాస్త ముందు. సున్న దగ్గర ఎప్పుడు పెదవి మూయాలో కాగితం మీద గుర్తు పెట్టాలి. ‘అంబ’లో మొదటి అక్షరానికే ముగ్గురు నోరు మూస్తే, మిగతావాళ్లు ఇంకా ‘అ’లో ఉంటే, మాట అర్థం కాదు. ఒత్తులు తేలిపోవడం మాత్రం చివరిదాకా పూర్తిగా పోలేదు.

దసరాకు కాలేజీ పిల్లలు పోయారు, రెండు వారాలు. దీపావళి తర్వాత కార్తీకమాసం. ఆదివారమైతే చాలు వనభోజనాలు. ఆ నెల సాధన ఆదివారం పెట్టడం శుద్ధ దండగ, శనివారం రాత్రి ఏడింటికి మార్చాం. అన్నట్టు, విరామంలో మిర్చి బజ్జీ పెట్టకండి. గుంటూరులో సాయంత్రం నాలుగున్నరకు బజ్జీ వద్దని చెప్పడానికి ధైర్యం కావాలి గానీ, నూనె, కారం తగిలిన గొంతుతో తర్వాతి గంట పనికిరాదు. బజ్జీ చివర్లో ఇచ్చి విరామంలో గోరువెచ్చని నీళ్లు, ఉప్మా పెట్టాం. ఆరు నెలల టిఫిన్లకు ముప్పై వేలు దాటింది. మొదటి బడ్జెట్‌లో ఈ పద్దే లేదు.

నటులు కలిసింది నవంబరులో. నాకు అన్నింటికన్నా ఇష్టమైన, అన్నింటికన్నా చెయ్యి ఆడని భాగం ఇదే. కరువు రంగంలో రైతు పాత్రధారి ఉత్పలమాల ఒకటి ఎత్తుకుంటాడు. నాలుగో పాదం అయ్యాక రాగం తీస్తాడు, ఆ రాగం ముగిసే చోట కోరస్ ‘అయ్యో’ అని లోపలికి రావాలి. పద్యానికి తాళం లేదు. ఒకరోజు రాగం పది సెకన్లు, జనం ఉంటే ముప్పై సెకన్లు. నేను చెయ్యి ఎత్తి నిలబడితే కోరస్ గాలి పీల్చి, పట్టుకుని, వదిలేసి, మళ్లీ పీల్చి, చివరికి అసలు సమయానికి గాలి లేక చతికిలపడింది. మా హార్మోనిస్టు గారు నలభై ఏళ్లుగా పరిషత్తుల్లో కూర్చున్న మనిషి. ‘మీరు పాటలకు చెయ్యి ఊపండి బాబూ, పద్యం నాకొదిలెయ్యండి’ అన్నారు. ఆయన చూపించింది ఇది: నటుడు రాగం దించేటప్పుడు చివరి మెట్టుగా రిషభం మీద ఆగుతాడు, అది ఎంత పొడుగు రాగమైనా మారదు. ఆ రిషభం దగ్గర ఆయన ఎడమచేత్తో హార్మోనియం బెలోస్ (గాలి తిత్తి) గట్టిగా ఒక్కసారి నొక్కుతారు, శబ్దం ఉబ్బుతుంది. కోరస్ గాలి పీల్చేది దానికి. నా చెయ్యి అవసరమే లేదు. ఆ ఒక్క చోట నేను పక్కకు జరిగి నిలబడ్డాను.

ఇంకోటి కూడా ఆయనే గుర్తుచేశారు, వన్స్‌మోర్. కృష్ణా, గుంటూరుల్లో పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అంటారు, నటుడు ఆగడు. కోరస్ అప్పటికే ‘అయ్యో’ దాటి రెండో చరణంలో ఉంటుంది. మళ్లీ ఎక్కడికి రావాలి? పిడికిలి చూపిస్తే ఆగిపోవాలి, షడ్జమం మాత్రం నోరు మూసి నిలపాలి, పద్యం మళ్లీ అయ్యాక ‘అయ్యో’ నుంచే. దీన్ని సాధనలో ఎవరో ఒకరు వెనక నుంచి అరిచి మరీ అలవాటు చేశారు.

హార్మోనియంతోనే ఇంకో చిక్కు. పాత పెట్టె, దాని రీడ్లు కీబోర్డు కంటే కాస్త ఎక్కువ శ్రుతిలో ఉన్నాయి. రీడ్లు గీకించడానికి ఆయన ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. కీబోర్డులో మాస్టర్ ట్యూనింగ్ ఉంటుంది, దాన్నే పైకి జరిపి హార్మోనియానికి కలిపాం. వయొలిన్ కలుపుకుంటుంది. వేణువు ఆయన పెదవితో సర్దుకున్నారు. ఇది నవంబరులోనే చూసుకోవాలి, ప్రదర్శన రోజు సాయంత్రం కాదు.

డిసెంబరు ముందే పోయినట్టు లెక్క వేసుకోవాలి. అడ్వెంట్ (క్రిస్మస్ ముందు వారాలు) మొదలైతే చర్చి వాళ్లకు కేరల్ రౌండ్లు, అర్ధరాత్రి దాకా మంచులో వీధుల్లో పాటలు. అందుకే నవంబరు నెలాఖరుకు ప్రతి పాటా కాగితం లేకుండా రావాలని గడువు పెట్టాం. గడువుకు తొమ్మిది పాటల్లో ఏడు వచ్చాయి. క్రిస్మస్ తర్వాత కలిస్తే బేస్‌లో ముగ్గురికి గొంతు బొంగురు, సొప్రానోలో ఇద్దరికి పై షడ్జమం లేదు. ఆ వారం పూర్తి గొంతుతో పాడించలేదు. కూర్చోబెట్టి, మాటలు తాళంలో చదివించి, స్వరాలు నోరు మూసి పాడించాం. గుసగుసగా పాడనివ్వకూడదు, అది మామూలుగా పాడడం కన్నా ఎక్కువ చెరుపు.

పోలీసు అనుమతికి పది రోజుల ముందు దరఖాస్తు, రెండుసార్లు తిరిగితే వచ్చింది. రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకరు కూడదు కాబట్టి ఆరున్నరకే తెర అని కరపత్రంలో వేశాం.

సౌండు దగ్గర ఆగి చెప్పాలి. పెళ్లిళ్లకు చేసే కుర్రాళ్లే దొరుకుతారు, మంచివాళ్లే, కానీ కోరస్ అనగానే ఎనిమిది కార్డ్‌లెస్ మైకులు తెచ్చి మనిషి మనిషికీ అందిస్తారు, పైన ఎకో. మైకు చేతిలో ఉన్నవాళ్ల గొంతే హాలుకు వెళ్తుంది, మిగతా ముప్పై మందీ నిలబడ్డట్టే. మాకు కావాల్సింది స్టాండు మీద నాలుగు కండెన్సర్ మైకులు, ముందు వరుసకు మూడడుగుల దూరంలో, తల కన్నా కాస్త ఎత్తులో వెనక వరుస వైపు వంచి. మైకుకూ మైకుకూ మధ్య దూరం, మైకు నుంచి గొంతుకు ఉన్న దూరానికి కనీసం మూడు రెట్లు. అంటే తొమ్మిదడుగులు. దగ్గరగా పెడితే ఒకే గొంతు రెండు మైకుల్లో పడి డొల్లగా వస్తుంది. వేదికకు అంత వెడల్పు లేదు, మూడే పెట్టాం. ఎకో తీయించడానికి ‘ఏం సార్, డ్రైగా ఉంటుంది’ అని చాలా బాధపడ్డాడు ఆ అబ్బాయి. కోరస్ మానిటర్‌లో (వాళ్లకు వినపడడానికి వేదిక మీద పెట్టే స్పీకరులో) వాళ్ల గొంతు పెట్టించలేదు, మైకు కూత పెడుతుంది. హార్మోనియం, శ్రుతి మాత్రమే.

కనపడడం ఇంకో సమస్య. కోరస్ వెనక, నటులు ముందు, నేను వేదిక కింద. నటుడు అడ్డం వస్తే సగం మందికి చెయ్యి కనపడదు, లైట్లు ఆర్పితే ఎవరికీ కనపడదు. వైఫై కెమెరాతో రెండు పక్కలా టీవీలు పెట్టి చూశాం. చెయ్యి ఇక్కడ పడ్డాక తెర మీద పడడానికి అర సెకను. టీవీ చూసేవాళ్లు వెనక, నన్ను చూసేవాళ్లు ముందు. కేబుల్‌తో కలిపే మామూలు కెమెరా అద్దెకు తెస్తే ఆ తేడా పోయింది. నా స్టాండుకు చిన్న క్లిప్ లైటు, చేతికి తెల్ల చొక్కా.

శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి గుంటూరులో బస్సు ఎక్కాం. మంగళగిరి దాటాక వారధి దగ్గర ట్రాఫిక్‌కు గంట అదనంగా పెట్టుకున్నాం, ఆ గంటా అయిపోయింది. ఏసీ ప్రదర్శనకు గంటన్నర ముందే వేయించాం, తబలా చల్లగాలికి సర్దుకున్నాక శ్రుతి చేయాలి. హాలు మూడు వంతులు నిండింది. ఉత్పలమాలకు వన్స్‌మోర్ వచ్చింది. పిడికిలి చూపిస్తే 36 మంది ఆగారు, ఇద్దరు టెనర్లు ఒక మాట ముందుకు పోయి ఆగారు. మోహన పాటలో మగవాళ్లు సరిగ్గా ఎత్తుకున్నారు. హంసధ్వని చివర్లో కోరస్ కీబోర్డు కన్నా కొంచెం కిందికి దిగింది. కీబోర్డు ఆయన తెలివిగా చివరి రెండు ఆవర్తాలు వేళ్లు తీసేశారు. కూర్చున్నవాళ్లకు తెలిసి ఉండదు.

లెక్క: వాద్యకారులకు సాధనలతో కలిపి 50 వేలు, హాలు కరెంటు, శుభ్రతతో 40 వేలు, సౌండు 35, టిఫిన్లు 31, దుస్తులు, మేకప్ 22, లైట్లు 18, బస్సులు 16, కాగితాలు 6. మొత్తం 2,18,000. టికెట్టు లేదు. చందాలు, సావనీరు ప్రకటనలు కలిపి లక్షా తొంభై వచ్చాయి, మిగతాది కమిటీ వాళ్లం వేసుకున్నాం. హాలు డిపాజిట్ పది వేలు విడిగా. మూడు వారాల్లో వస్తుందన్నారు, ఇంకా రాలేదు, రసీదు అసలు కాగితం అడుగుతున్నారు కాబట్టి దాన్ని పారేయకండి.

తెనాలి వాళ్లు మార్చిలో ఆడమంటున్నారు. వేదిక చిన్నది, 24 మందికి మించి పట్టరు: 8 సొప్రానో, 6 ఆల్టో, 4 టెనర్, 6 బేస్. ఆ లెక్కకు హంసధ్వనిలో టెనర్ పలచబడుతుంది, కాబట్టి దాన్ని మూడు వరుసలకు తిరగ రాయాలి. శుభపంతువరాళికి ఏ మార్పూ అక్కర్లేదు. కాలేజీ పరీక్షలు చూసుకుని తేదీ చెబుతామన్నాం.